ఆ కాగితం మీద పేరెందుకు రాయొద్దన్నారంటే

చిరంజీవులు స్వాతికి, కిట్టుకి అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. తోటిపిల్లలు ఏడిపిస్తున్నారా అంటూ మీ బళ్లో ఇచ్చిన ప్రశ్నల కాగితం గురించి ఫోన్లో అడిగారు కదా. పేరు రాయకపోతే ఎవరు రాశారో ఎలా తెలుస్తుందని కిట్టు, అడిగిందే తిప్పి తిప్పి ఎందుకు అడిగారని స్వాతి. ఫోన్లో చెప్తే సగం చెవిన పడదు, అందుకే రాస్తున్నాను.

మీ ఎత్తు కొలవాలంటే గోడ మీద గీత గీస్తే చాలు. తోటివాళ్లు ఒకణ్ని రోజూ ఏడిపిస్తున్నారా లేదా అన్నదానికి అలాంటి గోడ లేదు. అది టీచరు బోర్డు వైపు తిరిగినప్పుడు జరుగుతుంది. చెప్పు దాచేస్తారు. టిఫిన్ డబ్బా మూత తియ్యగానే ముక్కు మూసుకుంటారు. జట్లు పంచుకునేటప్పుడు చివరిదాకా నిలబెట్టి, "నువ్వు వద్దులే" అంటారు. ఎంత చురుకైన టీచరుకైనా ఇందులో సగం కనపడదు. కాబట్టి పిల్లల్నే అడగాలి.

ఇలా పెద్ద ఎత్తున అడిగిన దేశం నార్వే. 1982లో అక్కడ ఉత్తరాన ముగ్గురు అబ్బాయిలు చనిపోయారు. బళ్లో తోటివాళ్లు పెట్టిన బాధే కారణమై ఉంటుందని దేశమంతా కలత పడింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం బడుల్లో దీన్ని ఆపడానికి పూనుకుంది. డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తయారుచేసిన ప్రశ్నలకు లక్షా ముప్పై వేల మంది పిల్లలు జవాబులు రాశారు. ఏడుగురిలో ఒకరు ఈ గొడవలో ఉన్నట్టు తేలింది. కొందరు బాధపడేవాళ్లు, కొందరు బాధపెట్టేవాళ్లు, కొద్దిమంది రెండూనూ.

ఏది వేధింపో తేల్చడానికి ఓల్వేయస్ మూడు సంగతులు చూడమన్నాడు. కావాలని చెయ్యడం, మళ్లీ మళ్లీ చెయ్యడం, ఎదుటివాడు తిరగబడలేనివాడు కావడం. మీరిద్దరూ రిమోటు కోసం జుట్లు పీక్కోవడం దీని కిందికి రాదు, అది ఒట్టి పోట్లాట. (ఆ పోట్లాటలో గెలిచేది ఎప్పుడూ స్వాతే అయితే మాత్రం నేను మళ్లీ ఆలోచించాలి!)

ఇక తిప్పి తిప్పి అడగడం సంగతి. "నిన్ను ఎవరైనా వేధిస్తున్నారా?" అని ఒక్కసారే అడిగితే చాలామంది "లేదు" అని రాసేస్తారు. సిగ్గు, భయం. లేకపోతే అదంతా మామూలేగా అనుకోవడం. అదే పిల్లల్ని "మారుపేరు పెట్టి పిలిచారా? తోశారా? ఆటలో చేర్చుకోలేదా? నీ గురించి లేనిపోనివి చెప్పారా?" అని విడివిడిగా అడిగితే లెక్క పెరుగుతుంది. నన్నడిగితే విడి ప్రశ్నలనే ఎక్కువ నమ్ముతాను.

ఎన్నిసార్లు అన్నది ఇంకా ముఖ్యం. ముప్పై మంది ఉన్న క్లాసులో, గత రెండు నెలల్లో కనీసం ఒకసారి ఏడిపించారని పన్నెండు మంది, నెలకు రెండు మూడుసార్లయినా జరుగుతోందని నలుగురు రాశారనుకోండి. బాధితులు పన్నెండు మందా, నలుగురా? గీత ఎక్కడ గీస్తే అంత. నెలకు రెండు మూడుసార్ల దగ్గర గీయడం సబబని మోనా సోల్‌బర్గ్ అనే పరిశోధకురాలు, ఓల్వేయస్ కలిసి 2003లో రాశారు. 2019లో యునెస్కో ప్రపంచవ్యాప్తంగా బడిపిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరు వేధింపుకు గురవుతున్నారని చెప్పింది. అది నెలలో ఒక్కసారి జరిగినా లెక్కలోకి తీసుకున్న అంకె, పైగా అందులో ఎక్కువమంది హైస్కూలు వయసువాళ్లు. పేపర్లో ఇలాంటి అంకె కనపడితే, గీత ఎక్కడ గీశారో ముందు చూడండి.

కిట్టు వయసువాళ్లతో ఇంకో చిక్కు. "గత రెండు నెలల్లో" అంటే వాళ్లకేం తెలుస్తుంది? "దసరా సెలవులయ్యాక" అంటే తెలుస్తుంది. ఎనిమిదేళ్లవాళ్లకు మామూలు కొట్లాటకీ వేధింపుకీ తేడా కూడా అంతగా పట్టుబడదు. 14 దేశాల్లో పిల్లలకు గీతల బొమ్మలు చూపించి చేసిన పరిశోధన ఒకటి 2002లో వచ్చింది. పద్నాలుగేళ్లవాళ్లు కొట్టడం వేరు, మాటలనడం వేరు, వెలివెయ్యడం వేరు అని విడదీశారు. ఎనిమిదేళ్లవాళ్లు మాత్రం చాలావరకు మంచిపనీ, చెడ్డపనీ అని రెండు కుప్పలే పోశారు. అందుకే చిన్న క్లాసుల్లో బొమ్మలు చూపిస్తూ, ప్రశ్నలు పైకి చదివి వినిపిస్తూ అడగడం మేలు.

"మీ క్లాసులో ఎవర్ని ఏడిపిస్తారో పేర్లు రాయండి" అని అడిగే పద్ధతి కూడా ఉంది. ఒకరి మాట మీదే ఆధారపడక్కర్లేదు కనక పరిశోధకులకు అది బాగా పనికొస్తుంది. నాకు మాత్రం మనసొప్పదు. రహస్యమంటూనే, ఇంటర్వెల్లో "నువ్వెవరి పేరు రాశావురా?" అని మొదలవుతుంది.

ఇప్పుడు కిట్టు ప్రశ్న. పేరు లేకపోతే పిల్లలు భయపడకుండా నిజం రాస్తారని అలా పెడతారు. ఏడిపించేవాడు పక్క బెంచీలోనే కూర్చుని తొంగిచూస్తుంటాడాయె. కానీ పేరు లేని కాగితం ఆ పిల్లాడికి నేరుగా సాయం చెయ్యలేదు. ఏ క్లాసులో ఎక్కువ, మైదానంలోనా బస్సులోనా, పోయినేడాది కంటే తగ్గిందా అన్నవి మాత్రమే చెప్తుంది. అంతకుమించి కావాలంటే ఎవరో ఒకరికి నోరు విప్పి చెప్పాల్సిందే. చెప్తే చాడీలంటారని భయపడొద్దు. ఒకణ్ని తిట్టించడానికి చెప్పేది చాడీ, దెబ్బ తగలకుండా ఆపడానికి చెప్పేది కాదు.

కిట్టూ, "ఎవరికైనా చెప్పావా?" అన్న ప్రశ్న దగ్గర ఏం రాయాలో తోచలేదన్నావు. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను, అక్కకివ్వకుండా ముందు నువ్వే మాట్లాడు.

ఇట్లు,
మీ అమ్మమ్మ