బడి లైబ్రరీ తాళం ఎవరి దగ్గర?

దేవరకొండ వైపు ఒక హైస్కూల్లో చూసిన సంగతి ఇది. స్టాఫ్ రూంలో కుర్చీల వెనక ఒక ఆకుపచ్చ ఇనుప బీరువా ఉంది. అదే లైబ్రరీ. తాళం ఇన్‌ఛార్జి అయిన సోషల్ సార్ దగ్గర ఉంది. ఆయనేమో ఓటర్ల జాబితా పని మీద ఊళ్లోకి పోయారు. సాయంత్రం వచ్చి తెరిచాక చూస్తే, బొమ్మల కథల పుస్తకాలు పురికొస ముడి కూడా విప్పకుండా కట్టలుగానే ఉన్నాయి. ఎందుకు సార్ ఇట్లా అంటే, "పిల్లలకిస్తే చింపుతరు. ఒక్కటి పోయినా నా మెడకే చుట్టుకుంటది" అన్నారు.

ఆయన్ని తప్పు పట్టలేను. పుస్తకం పోతే ఏం చేయాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. లైబ్రరీ సైన్స్, అంటే గ్రంథాలయం నడిపే చదువు, చదివిన మనిషికి అది తెలుసు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు ఒక లెక్క చెబుతాయి: ఏడాదిలో చదవడానికి ఇచ్చిన ప్రతి 1,000 పుస్తకాల్లో 5 పోతే, అందులో మోసమో నిర్లక్ష్యమో లేకపోతే, దాన్ని సహజ నష్టంగా తీసుకోవచ్చు. పుస్తకాలు చేతులు మారితే కొన్ని పోతాయని సర్కారు నియమమే ఒప్పుకుంటోంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఆ చదువు చదివినవాళ్లు బడిలో లేకపోవడం వల్ల నష్టం ఎక్కడ మొదలవుతుందో నాకు ఆ పురికొస ముడి దగ్గర కనిపించింది.

మన తెలంగాణకు పుస్తకం కొత్తది కాదు. నిజాం కాలంలో కచేరీ భాష, పై చదువుల భాష ఉర్దూ. తెలుగు చదువుకోవాలంటే గ్రంథాలయమే దిక్కు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చాయి. 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం వెలిసింది. అదే ఊరి నుంచి 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రిక నడిపారు. ఆలంపురం ప్రాంతం నుంచి వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. ఆ గ్రంథాలయాలు నడిపినవాళ్లకు డిప్లొమాలు లేవు. చదువు రానివాళ్లకు పత్రిక చదివి వినిపించడమే వాళ్లకు తెలిసిన విద్య. దాన్ని చిన్న విద్య అనుకోకూడదు.

శిక్షణ మాత్రం వేరే దారిలో వచ్చింది. 1911లో బరోడాలో, 1915లో లాహోర్‌లో అమెరికా నుంచి వచ్చిన గ్రంథపాలకులు తరగతులు మొదలుపెట్టారు. మద్రాసులో, మన దేశంలో ఈ చదువుకు పితామహుడనే ఎస్.ఆర్. రంగనాథన్ 1929లో వేసవి బడి నడిపారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో డిప్లొమా పెట్టింది. ఉస్మానియాలో ఈ శాఖ వచ్చేసరికి 1950ల చివరికొచ్చాం. ఈ వరసంతా చూస్తే ఒకటి తెలుస్తుంది: ఈ చదువు పుట్టిందీ పెరిగిందీ యూనివర్సిటీల్లో, పెద్ద గ్రంథాలయాల అవసరాల కోసం. బడి పిల్లను దృష్టిలో పెట్టుకుని కట్టిన చదువు కాదు.

చట్టం కూడా బడిని పక్కనే ఉంచింది. 1955 హైదరాబాద్ పౌర గ్రంథాలయాల చట్టం, ఆ తర్వాత 1960 ఆంధ్రప్రదేశ్ చట్టం జిల్లా గ్రంథాలయ సంస్థలనిచ్చాయి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల సెస్సు వాటికే. బడి బీరువాకు అందులో వాటా లేదు. శాఖా గ్రంథాలయాలకు పిల్లలు పోవచ్చు కదా అంటారు. పోయి చూడండి, కుర్చీలన్నీ గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే యువకులతో నిండి ఉంటాయి. వాళ్లకూ ఆ చోటు కావాలి.

బడి లైబ్రరీల గోస 1952-53లోనే, హైస్కూలు చదువుల మీద కేంద్రం వేసిన మొదలియార్ కమిషన్ రాసిపెట్టింది. చాలా బడుల్లో లైబ్రరీ అనదగ్గదే లేదని, ఉన్నచోట పాతబడ్డ పుస్తకాలని, చూసుకునేది గుమాస్తానో, ఇష్టం లేని టీచరో అని చెప్పి, శిక్షణ పొందిన లైబ్రేరియన్ కావాలంది. డెబ్బై ఏళ్లు దాటాయి. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో లైబ్రరీ ఉండాలని, పత్రికలు, కథల పుస్తకాలు ఉండాలని చెప్పింది గానీ వాటిని చూసే మనిషి గురించి ఒక్క మాట అనలేదు. సమగ్ర శిక్షా అనే కేంద్ర పథకం కింద బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా పుస్తకాల గ్రాంటు వస్తోంది. పుస్తకాలు వస్తాయి, కట్ట విప్పేవాళ్లు రారు. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు ఉంటే, స్కూల్ అసిస్టెంట్లు, ఎస్జీటీలు, భాషా పండితులు, పీఈటీలు, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లే తప్ప లైబ్రేరియన్ ఒక్కరు లేరు.

ఉన్నదల్లా గురుకులాల్లో. ఆ గురుకులాలకు తొలి బడి మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోదే. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేల్‌లో మొదలైంది. 2023లో గురుకుల నియామక బోర్డు ప్రకటించిన 9,231 పోస్టుల్లో 434 స్కూల్ లైబ్రేరియన్లవి. డిగ్రీతోపాటు లైబ్రరీ సైన్స్ డిగ్రీ ఉండాలి. ఇవి కాక చలకుర్తి, వట్టెం నవోదయల్లాంటి కేంద్ర ప్రభుత్వ బడుల్లో ఒక్కో పోస్టు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో డిగ్రీ అయిపోయిన పిల్లలు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఎల్ఐఎస్సీ, అంటే లైబ్రరీ సైన్స్ డిగ్రీ, కట్టేది ఈ ఆశతోనే. ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో స్టడీ సెంటర్‌కు వచ్చి ఏడాదిలో పూర్తి చేస్తారు. ఇంట్లో కూర్చుని చదవగలిగే ఆ దారి లేకపోతే, ముఖ్యంగా పెళ్లయిన ఆడపిల్లలకు, ఈ డిగ్రీ అందేదే కాదు.

అందులో నేర్పేది ఏమిటంటే వర్గీకరణ, కేటలాగు, రిఫరెన్స్ సేవ, లైబ్రరీ నిర్వహణ, కొంత కంప్యూటర్. ప్రాక్టికల్ పరీక్షలో ఒక పుస్తకం పేరిచ్చి దానికి నంబరు కట్టమంటారు. పుస్తకాలను విషయాల వారీగా అంకెలతో విడదీసే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. ఇంగ్లీషుకు 820 మొత్తం ఉంటే మన భాష 'ఇతర భాషలు' అన్న గదిలో దశాంశ బిందువు దాటాక ఎక్కడో దొరుకుతుంది. నంబరు కట్టడం పనికిరానిదని నేననను. అది లేకపోతే 3,000 పుస్తకాల్లో కావలసింది దొరకదు. కానీ పదకొండేళ్ల పిల్లకు కథ ఎట్లా చదివి వినిపించాలి, చదవడం సరిగ్గా రాని తొమ్మిదో తరగతి పిల్లవాడు సిగ్గుపడకుండా ఏ పుస్తకం చేతిలో పెట్టాలి, లంబాడీ తండా నుంచి వచ్చి ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లకు తెలుగు పుస్తకం ఎట్లా దగ్గర చేయాలి? వీటికి ఆ సిలబస్‌లో దాదాపు చోటు లేదు. పత్రిక చదివి వినిపించిన పాత గ్రంథాలయాల విద్య ఈ డిగ్రీలోకి రానేలేదు.

పాలమూరులో ఒక గురుకులంలో కొత్తగా చేరిన మేడం మొదటి నెల అలమరలన్నిటికీ పద్ధతిగా నంబర్లు అంటించారు. ఆరో తరగతి పిల్లలు నాలుగైదు రోజులు 894.8273 ముందు నిలబడి, అర్థంకాక వెనక్కి పోయారు. రెండో నెల ఆమె నంబర్లు పుస్తకాల వెన్ను మీదే ఉంచి, అలమర అంచున అట్టముక్కల మీద పెద్దక్షరాలతో రాసి కట్టారు: దయ్యాలు, జంతువులు, నవ్వు, అమ్మానాన్నలు. దయ్యాల అలమర ఆ శనివారానికే ఖాళీ అయింది.