గుడ్డు పీల్చే తొలి గాలి

"హేచరీలో కాలు పెట్టాలంటే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. అలాంటి చోట పొదగడానికి పెట్టే గుడ్లను మాత్రం చన్నీళ్లతో కడగొద్దంటారేం?" అని ఒక పాఠకుడు అడిగారు. హేచరీల గురించి, అంటే గుడ్లను యంత్రాల్లో పొదిగించే చోట్ల గురించి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

వేడి అన్నం పెట్టి మూత బిగించిన స్టీలు బాక్సు మధ్యాహ్నానికి ఓ పట్టాన తెరుచుకోదు. లోపలి ఆవిరి చల్లారి నీరవుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి మూతను అదిమి పెడుతుంది. గుడ్డు కూడా అలాంటి బాక్సే, కాకపోతే దాని పెంకుకి వేల రంధ్రాలుంటాయి. కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. గుడ్డు ఆ వేడితోనే బయటికొస్తుంది. చల్లారే కొద్దీ లోపలి సొన కుంచించుకుపోతుంది, గట్టి పెంకు మాత్రం అలాగే ఉంటుంది. ఆ వెలితి పూడ్చడానికి రంధ్రాల్లోంచి గాలి లోపలికి వస్తుంది. ఉడకబెట్టిన గుడ్డు ఒలిచినప్పుడు లావు వైపు కనిపించే సొట్ట ఈ గాలి గదిదే.

ఆ పీల్చే సమయంలో పెంకు మీద రెట్ట ఉందనుకోండి, గాలితో పాటు బాక్టీరియా కూడా లోపలికి పోతుంది. పైగా అప్పుడే పెట్టిన గుడ్డు మీది సన్నని పొర ఇంకా తడిగానే ఉంటుంది, అది ఆరితేగానీ రంధ్రాలు సరిగా మూసుకోవు. గూట్లో పెట్టిన గుడ్డుకీ నేల మీద పెట్టిన గుడ్డుకీ తేడా అక్కడే మొదలవుతుంది. వెచ్చని గుడ్డుని చన్నీళ్లలో ముంచితే, అది మురికి నీళ్లనే పీలుస్తుంది. అందుకే కడగక తప్పనప్పుడు గుడ్డు కన్నా వేడిగా ఉన్న నీళ్లు వాడతారు.

ఆ నీళ్లలో ఇనుము కూడా ఎక్కువ ఉండకూడదు. తెల్లసొనలోని ఒక ప్రొటీన్ ఇనుమును గట్టిగా పట్టుకుని బాక్టీరియాకు అందనివ్వదు. ఇనుమున్న నీళ్లు లోపలికి పోతే ఆ కాపలా వృథా. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని మన ఊళ్లలో పొదుగు గంపలో ఇనుప ముక్క పెట్టేవారు. నాకు నవ్వొచ్చేది దీనికే: గుడ్డు ఇనుమును దాచుకుంటుంటే మనం తెచ్చి పక్కన పెట్టాం! పొడి ముక్క వల్ల నష్టమేమీ లేదనుకోండి.

కోల్డ్ రూమ్‌లోంచి తీసిన గుడ్లను ఉక్కపోతలో పెడితే చెమట పడతాయి. ఆ తడిలో పెంకు మీది బాక్టీరియా, బూజు హాయిగా కదులుతాయి. చెమట ఆరకముందే ఫ్యూమిగేషన్, అంటే మందు పొగ పట్టించడం, చేయకూడదు.

పాత పద్ధతి ఫ్యూమిగేషన్ ఇలా ఉంటుంది: 100 ఘనపుటడుగుల గదికి 20 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్, 40 మిల్లీలీటర్ల ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ కలిసిన ద్రావణం). లోతైన మట్టి మూకుడులో ముందు పర్మాంగనేట్ వేసి, దాని మీద ఫార్మలిన్ పోసి, వెంటనే బయటికొచ్చి తలుపు మూయాలి. అది బుసబుస పొంగుతుంది. ఆ వేడికి ఫార్మాల్డిహైడ్ వాయువై గదంతా కమ్ముకుని, సూక్ష్మజీవుల ప్రొటీన్లను ఒకదానికొకటి ముడివేస్తుంది. పాళ్లు సరిపోతే చివరికి మూకుట్లో పొడి గోధుమరంగు బూడిద మిగులుతుంది. పొదుగు మొదలైన 24 నుంచి 96 గంటల మధ్య మాత్రం ఈ పని చేయరు, పిండానికి ప్రమాదం. మనుషులకూ ప్రమాదమే. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. ఇప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పొగమంచు, అతినీలలోహిత కాంతి కూడా వాడుతున్నారు.

ఇవన్నీ చంపేది పెంకు మీదున్న వాటినే. అప్పటికే లోపలికి పోయినవాటిని ఇవి తాకలేవు. కాబట్టి మందు పెట్టాల్సింది హేచరీకి చేరాక కాదు, ఫారంలోనే, గుడ్డు పెట్టిన కొద్ది గంటల్లోనే.

లోపలికి చేరినవి 37.5 డిగ్రీల సెట్టర్‌లో, అంటే గుడ్లు పొదిగే యంత్రంలో, ఏం చేస్తాయి? పెరిగి, గ్యాస్ పుట్టిస్తాయి. ఒకప్పుడు గాలి పీల్చిన గుడ్డు ఇప్పుడు ఊపిరి బయటికి వదలాలని చూస్తుంది. పెంకు మీద నల్లని నురగ చిమ్ముతుంది, ఒక్కోసారి ఢామ్మని పేలి చుట్టుపక్కల గుడ్లన్నిటి మీదా చిందుతుంది. పద్దెనిమిదో రోజు గుడ్లను హేచర్‌కి (పిల్లలు బయటికొచ్చే యంత్రానికి) మార్చేటప్పుడు అలాంటిది కనిపిస్తే విసిరేయరు. ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా ఎత్తి, మందు కలిపిన బకెట్‌లో ముంచేస్తారు.