చీజ్‌లో హలాల్: అపోహలు – వాస్తవాలు

ఆహార కంపెనీల ముడిసరుకు పత్రాలు చదివి, హలాల్ తనిఖీ చేయడం నా పని. చీజ్ గురించి అడిగేవాళ్ళు చాలామంది ఫోన్‌లో ‘ఇ నంబర్ల’ (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే కోడ్‌ల) జాబితా ఒకటి దాచుకుని వస్తారు. చిక్కంతా ఆ జాబితాతోనే.

అపోహ: ఇ471 ఉంటే హరామే (నిషిద్ధమే).

వాస్తవం: ఇ471 అంటే మోనో, డైగ్లిజరైడ్లు అనే కొవ్వు పదార్థాలు. వీటిని పామాయిల్‌తోనూ చేస్తారు, పంది కొవ్వుతోనూ చేస్తారు. రెండింటికీ నంబరు అదే. అందుకే సరఫరాదారుణ్ణి ‘కొవ్వు దేనిది?’ అని అడుగుతాను. ఒకసారి వచ్చిన పత్రంలో మొక్క, జంతువు అనే రెండు గడుల్లోనూ టిక్ పెట్టి ఉంది. చూసి తిప్పి పంపేశాను.

అపోహ: పాలతో చేసిందే కదా, ఇ నంబర్లు బాగుంటే చాలు.

వాస్తవం: పాలను గడ్డకట్టించే రెనెట్‌కి అసలు ఇ నంబరే లేదు. లేబుల్ మీద ‘ఎంజైములు’ అని ఒక్క ముక్క ఉంటుంది, అంతే. నా సమయం ఎక్కువగా పోయేది దీని మీదే. పాలు మానని దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ అయితే, ఆ దూడను జబహ్ (ఇస్లాం పద్ధతిలో కోయడం) ఎలా చేశారో అడగాలి. చచ్చిన జంతువు రెనెట్ కూడా శుద్ధమేనని ఇస్లాం ధర్మశాస్త్ర పండితుడు అబూ హనీఫా అభిప్రాయం, మరో ధర్మశాస్త్ర సంప్రదాయానికి చెందిన షాఫియీలు ఒప్పుకోరు. పందిదైతే ఈ చర్చే లేదు. రైజోమ్యూకర్ మీహై అనే బూజు నుంచి తీసే రెనెట్‌తో ఈ తలనొప్పి ఉండదు. దూడ జన్యువును సూక్ష్మజీవిలో పెట్టి తయారుచేసే కైమోసిన్‌కి (రెనెట్‌లోని ముఖ్య ఎంజైముకి) అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1990లో అనుమతినిచ్చింది. దానికీ దూడను కోయనక్కర్లేదు. పార్మిజానో రెజ్జానో అనే ఇటాలియన్ చీజ్‌కి మాత్రం నిబంధన ప్రకారమే దూడ రెనెట్ వాడాలి. ఘాటైన ఇటాలియన్ రకాల్లో లైపేజ్ (కొవ్వును విడగొట్టే ఎంజైము) కూడా వేస్తారు. అది మేకపిల్ల, గొర్రెపిల్ల, దూడ గొంతు భాగాల నుంచి వచ్చిందో, సూక్ష్మజీవుల నుంచి వచ్చిందో విడిగా అడగాలి. చాలామంది మరిచిపోయేది దీన్నే.

అపోహ: శాకాహారం అని రాసి ఉంటే హలాలే.

వాస్తవం: జంతు రెనెట్ లేదని మాత్రం తెలుస్తుంది. వైన్‌తో కడిగిన చీజ్ కూడా శాకాహారమే మరి.

అపోహ: తురుము చీజ్ మీది తెల్లపొడి అనుమానాస్పదం.

వాస్తవం: సాధారణంగా అది సెల్యులోజ్ (ఇ460) లేదా పిండి. రెండూ మొక్కలవే.

అపోహ: ఫ్యాక్టరీకి హలాల్ సర్టిఫికెట్ ఉంది, ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: సర్టిఫికెట్‌తో పాటు ఉత్పత్తుల అనుబంధం ఉంటుంది. మీ చేతిలో ఉన్న చీజ్ పేరు అందులో ఉందా, గడువు దాటలేదా చూడండి. రెండో పేజీయే కదా అని వదిలేయకండి.