పాలు అవే, లెక్కే మారింది: 68 శాతం కల్తీ 12 శాంపిళ్ళు ఎలా అయింది?

పాల కేంద్రాల మీద దాడులు మొదలైతే చాలు, రెండు అంకెలు మళ్ళీ బయటికొస్తాయి. పాలల్లో 68 శాతం కల్తీయేనని ఒకరు, దేశం మొత్తం వెతికితే దొరికింది 12 శాంపిళ్ళేనని ఇంకొకరు. రెండూ ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సర్వేలవే.

మొదట ఉన్నది 1954 ఆహార కల్తీ నిరోధక చట్టం. అసలు మలుపు 2006 నాటి ఆహార భద్రత చట్టం. 2011 ఆగస్టు 5న అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో నీళ్ళు కలిసినా యూరియా కలిసినా కల్తీయే, క్రిమినల్ కేసే. పావు లీటరు నీళ్ళకు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగేది చిన్న వ్యాపారే. కొత్త చట్టం 'నాసిరకం' వేరు, 'ప్రమాదకరం' వేరు అంది. గేదె పాలల్లో ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న పోగా మిగిలే ఘనపదార్థం, 9 శాతం ఉండాలి. 8.7 వస్తే నాసిరకం. కేసు ఆంధ్రలో జాయింట్ కలెక్టర్, తెలంగాణలో అదనపు కలెక్టర్ దగ్గరికి వెళ్తుంది. జరిమానా 5 లక్షల దాకా వేయొచ్చు, జైలు మాత్రం లేదు.

2011 సర్వేలో 1,791 శాంపిళ్ళలో 68.4 శాతం ప్రమాణాలకు సరిపోలేదు. ఎక్కువగా నీళ్ళ బాపతే. డిటర్జెంట్ ఆనవాళ్ళు 103 శాంపిళ్ళలో కనిపించాయి. 2018లో 6,432 శాంపిళ్ళు తీశారు. ఈసారి వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ తగ్గినవే కాదు, చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే పొడి) కలిసినవి కూడా 'నాణ్యత లోపం' పద్దులో పడ్డాయి. అలాంటివి 41 శాతం. పాలల్లో చక్కెర కలిపితే కల్తీ కాదట! చివరికి కల్తీ కింద మిగిలినవి 12, అందులో 9 తెలంగాణవి. 93 శాతం పాలు సురక్షితమని సంస్థ ప్రకటించింది.

శిక్షల సంగతీ ఇంతే. 2016లో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్, ఒడిశాల్లాగా యావజ్జీవం దాకా పెంచే విషయం ఆలోచించమని మిగతా రాష్ట్రాలకు చెప్పింది. పలు చట్టాల్లో శిక్షలను సడలించిన 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం ఆహార భద్రత చట్టంలోనూ ఇంకో దారి పట్టింది. ప్రమాదకరమైన సరుకు అమ్మినా ఎవరికీ హాని జరగకపోతే, ఆరు నెలల జైలు గరిష్ఠం మూడు నెలలైంది, లక్ష జరిమానా మూడు లక్షలైంది.

ఆ 12 శాంపిళ్ళ పక్కనే 2018 సర్వేలో ఇంకో అంకె ఉంది. 368 శాంపిళ్ళలో, అంటే 5.7 శాతంలో, బూజు వల్ల పుట్టే విషపదార్థం అఫ్లాటాక్సిన్ ఎం1 పరిమితి దాటింది. దాన్ని ఎవరూ చేత్తో కలపరు. బూజు పట్టిన నూనెగింజల చెక్క, దాణా తిన్న పశువు పాలల్లోకి వస్తుంది, కాచినా పోదు. పైగా విడి పాలకంటే ప్రాసెస్ చేసిన పాలల్లోనే ఎక్కువగా కనిపించింది. తనిఖీలకు మాత్రం నీళ్ళు కలిశాయేమో చూసే లాక్టోమీటర్ పట్టుకుని ముందు క్యాన్లవాడి దగ్గరికే వెళ్తారు. దాణా బస్తా జోలికి పోవాలంటే ఆహార భద్రత చట్టంలోనే చిక్కుంది. 'ఆహారం' నిర్వచనం నుంచి పశువుల దాణాను 2006లోనే తప్పించారు.