జీతం లేని కాపలా: సరిహద్దు ఊళ్ల చేతికి తుపాకీ ఎలా వచ్చింది

జమ్మూకశ్మీర్‌లో విలేజ్ డిఫెన్స్ గార్డుకి ప్రభుత్వం ఇచ్చేది నెలకు 4,000 రూపాయలు. ప్రమాదం ఎక్కువున్న ప్రాంతంలో గ్రూపుని నడిపించే మనిషైతే 4,500. కేంద్ర హోంశాఖ ఒప్పుకున్నాక 2022 ఆగస్టు 15 నుంచి అమల్లోకి వచ్చిన స్కీమ్ ఇది. రాత్రంతా తుపాకీ భుజాన వేసుకుని ఊరు కాసే మనిషికి రోజుకు నూట ముప్పయ్యో నూట యాభయ్యో పడుతుందన్నమాట. అంతకుముందు చాలామందికి అదీ లేదు. జీతమిచ్చి బలగాన్ని పెట్టాల్సిన చోట ఊరివాళ్లతోనే పని కానిచ్చే ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు, దీని వెనక అరవై ఏళ్ల చరిత్ర ఉంది.

1962లో చైనా చేతిలో ఓడిపోయాక ఢిల్లీని ఒక భయం పట్టుకుంది. శత్రువు మళ్లీ కొండలు దిగొచ్చి, మన సైన్యం వెనక్కి తగ్గాల్సి వస్తే, అక్కడ మిగిలిపోయే జనం పరిస్థితి ఏంటి? వాళ్లు లొంగిపోకుండా లోపలి నుంచే పోరాడాలంటే ముందే తయారు చేసుకోవాలి కదా అని 1963లో స్పెషల్ సర్వీస్ బ్యూరో, అంటే ఎస్ఎస్‌బీ, పెట్టారు. వాళ్లు అస్సాం, ఉత్తర బెంగాల్, హిమాచల్, లడఖ్, అప్పటి ఉత్తరప్రదేశ్ కొండ జిల్లాల్లో ఊరూరా తిరిగి మామూలు రైతుల్ని, ఆడవాళ్లని కూడా పోగేసి రైఫిల్ పట్టడం నేర్పారు, కొందరిని గ్వాల్‌దమ్ లాంటి కేంద్రాలకు తీసుకెళ్లి గెరిల్లా ట్రైనింగ్ ఇచ్చారు. ఆ ఆలోచనలో నాకు తప్పేం కనిపించదు. సైన్యం ఉండగా దానికి తోడుగా ఊరిని సిద్ధం చేయడం వేరు, బలగం బదులు ఊరిని నిలబెట్టడం వేరు.

ఇక పాకిస్తాన్ వైపు చూస్తే, 1965 దాకా ఆ సరిహద్దును ఎక్కువగా రాష్ట్రాల పోలీసు బెటాలియన్లే కాసేవి. ఆ ఏడాది ఏప్రిల్ 9న కచ్‌లోని సర్దార్ పోస్ట్ మీద పాకిస్తాన్ సైన్యం విరుచుకుపడితే ఎదురొడ్డి నిలిచింది కొద్దిమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు, ఆ దాడితోనే సరిహద్దుకంటూ ఒక ప్రత్యేక బలగం లేకపోతే కుదరదని అందరికీ అర్థమైంది. డిసెంబర్ 1న బీఎస్ఎఫ్ పుట్టింది, రుస్తంజీ మొదటి అధిపతి. సరిహద్దు కాపలా పూర్తికాలపు ఉద్యోగం అని, దానికి జీతం, పెన్షన్ ఉండాలని దేశం ఆరోజే తేల్చేసుకుంది. అయినా పంజాబ్, రాజస్థాన్, గుజరాత్ లాంటి రాష్ట్రాల్లో బోర్డర్ వింగ్ హోంగార్డులనీ పెట్టారు. వీళ్లు స్వచ్ఛంద సేవకుల కిందే లెక్క, పిలిచినప్పుడు రావాలి, వచ్చిన రోజుకి డ్యూటీ అలవెన్స్.

2001లో ఎస్ఎస్‌బీ పనే మారిపోయింది. 1,751 కిలోమీటర్ల నేపాల్ సరిహద్దు దాని చేతికొచ్చింది, తర్వాత 699 కిలోమీటర్ల భూటాన్ సరిహద్దు కూడా, పేరు సశస్త్ర సీమా బల్ అయింది. మరి ట్రైనింగ్ తీసుకుని, పిలిస్తే చాలు వస్తామని ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఊరివాళ్ల సంగతి? ఎవరూ పట్టించుకోలేదు. ఉత్తరాఖండ్‌లోని అల్మోరాలో వాళ్లు ఏళ్లకేళ్లు ధర్నా చేశారు, ఉద్యోగం ఇవ్వండి, వయసు దాటిపోతే కనీసం పెన్షన్ ఇవ్వండి అని. మణిపూర్ వాళ్లు కోర్టుకెక్కి కొంత సాధించుకున్నారు, మాకూ అదే ఇవ్వాలని ఉత్తరాఖండ్ వాళ్లు హైకోర్టుకి వెళ్తే 2022లో తీర్పు వాళ్లకు అనుకూలంగానే వచ్చింది. అప్పటికి చాలామంది ముసలివాళ్లయిపోయారు. వాళ్లు అడిగింది దయ కాదు, చేసిన పనికి లెక్క.

జమ్మూ కథ 1995లో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందు కిష్త్వార్ దగ్గర మిలిటెంట్లు బస్సు ఆపి, హిందూ ప్రయాణికుల్ని వేరు చేసి కాల్చి చంపారు. దోడా కొండల్లో ఊరికీ ఊరికీ మధ్య గంటల నడక, పోలీసులు వచ్చేసరికి అంతా అయిపోయేది. అందుకే విలేజ్ డిఫెన్స్ కమిటీలు పెట్టి ఊరివాళ్ల చేతికి .303 రైఫిళ్లు ఇచ్చారు. ఆ రైఫిల్ సంగతి కాస్త చెప్పుకోవాలి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ వాడిన మోడల్ అది. ఒక్క గుండు పేల్చగానే చేత్తో బోల్ట్ వెనక్కి లాగి, ముందుకు తోసి, అప్పుడు మళ్లీ పేల్చాలి, మ్యాగజైన్‌లో పది గుళ్లు. అవతలివాడి చేతిలో ముప్పై గుళ్ల ఏకే-47. కమిటీలో స్పెషల్ పోలీస్ ఆఫీసర్‌గా, అంటే పోలీసులకు తోడుగా తాత్కాలికంగా తీసుకున్నవాళ్లకే ఎంతో కొంత గౌరవ వేతనం, మిగతావాళ్లది ఉచిత సేవ. మొదట్లో చెప్పిన 2022 స్కీమ్‌తో విలేజ్ డిఫెన్స్ గార్డులైంది ఈ కమిటీల వాళ్లే.

ఈ కమిటీలు కొన్ని ఊళ్లను కాపాడాయి, అది కాదనలేం. అలాగని ఇంకో ముఖాన్ని దాచనూ కూడదు. ఎక్కువగా హిందువుల చేతికే తుపాకులు రావడంతో పక్కింటి ముస్లింలు భయపడ్డారు, కొందరు సభ్యుల మీద హత్య, అత్యాచారం కేసులు కూడా పడ్డాయి. సరైన శిక్షణ, పైన అజమాయిషీ లేకుండా ఆయుధం ఇస్తే ఇలా కాక ఇంకెలా అవుతుంది?

2023 జనవరి 1 సాయంత్రం రాజౌరీ జిల్లా ఢాంగ్రీలో సాయుధులు ఇళ్లలోకి చొరబడి కాల్చారు, మర్నాడు పొద్దున అక్కడే బాంబు పేలింది, ఇద్దరు పిల్లలతో సహా ఏడుగురు పోయారు. ఊళ్లో ఒకాయన తన పాత .303 తీసి కాల్చాకే దుండగులు పారిపోయారని స్థానికులు చెప్పారు. ఆ తర్వాత హడావుడిగా సీఆర్‌పీఎఫ్ కంపెనీలు దిగాయి, గార్డులకు ప్రతిసారీ బోల్ట్ లాగక్కర్లేని ఎస్ఎల్ఆర్ రైఫిళ్లు ఇచ్చి ట్రైనింగ్ పెట్టారు. ఏడు ప్రాణాలు పోతే గానీ ఆ పని జరగలేదు. 2024 నవంబర్‌లో కిష్త్వార్ అడవిలో ఇద్దరు గార్డుల్ని ఎత్తుకెళ్లి చంపేశారు.

ఈ పద్ధతిని నిలదీసిన తీర్పుల్లో అన్నిటికన్నా గట్టిది మన పక్క రాష్ట్రం గురించి వచ్చింది, సరిహద్దు కేసు కాకపోయినా. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి ఆదివాసీ కుర్రాళ్లను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా, కొద్దిపాటి గౌరవ వేతనానికి పంపిన రోజులవి. ఆ గొడవలు తట్టుకోలేక ఎన్నో కుటుంబాలు సరిహద్దు దాటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చిపడ్డాయి. 2011 జులై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం ఆ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అరకొర చదువు, అరకొర శిక్షణ ఉన్నవాళ్లను తక్కువ డబ్బుకి చావు ముందు నిలబెట్టడం సమానత్వ హక్కునీ, జీవించే హక్కునీ కాలరాయడమేనంది. రాష్ట్రం ఏం చేసింది? కొత్త చట్టం తెచ్చి వాళ్లనే సహాయక బలగంలోకి తీసుకుంది. జీతమైతే పెరిగింది, ముందు వరసలో నిలబడే మనిషి మాత్రం మారలేదు.

హోంగార్డుల విషయంలో 2015లో సుప్రీంకోర్టు ఇంకో మెలిక పెట్టింది. వీళ్లను రెగ్యులర్ చేయమని చెప్పలేం గానీ, నెలంతా డ్యూటీ చేస్తే చేతికొచ్చే డబ్బు పోలీసు కనీస జీతానికి తగ్గకూడదని. తెలంగాణలో రోజుకు 921గా ఉన్న భత్యాన్ని 1,000 చేస్తామని 2024 డిసెంబర్‌లో ప్రకటించారు. జమ్మూ కొండల్లో తుపాకీ మోసే గార్డుకి అందులో ఏడో వంతు కూడా రావడం లేదు.