బిడ్డ కనబడకపోతే ఊరు అల్లే కథలు: అపోహలు - వాస్తవాలు

కోనసీమలో పిల్లల సంరక్షణ పనిలో 14 ఏళ్లుగా ఉన్నాను. తప్పిపోయిన పిల్లల్ని వెతకడం, దొరికినవాళ్లను బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లడం, ఇంటికి చేర్చడం, చేర్చాక మళ్లీ వెళ్లిపోకుండా కనిపెట్టుకుని ఉండడం నా పని. మా చేతికొచ్చిన పిల్లల్లో ఎక్కువమంది దొరికారు. ఒక బాబు మాత్రం దొరకలేదు. లంక ఊరు. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని వీధిలోకి వెళ్లాడు. అప్పటికి వాడికి ఆరేళ్లు. వెళ్లి ఇప్పటికి ఇంకో ఆరేళ్లయింది. వాడి పేరు, ఊరు పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ ఇంటి మీద మళ్లీ మొదలవుతుంది.

ఆ బాబు గురించి ఫోన్లలో ఇప్పటికీ కథలు తిరుగుతున్నాయి. తల్లే ఏదో చేసిందంటారు కొందరు. గుప్తనిధుల కోసం బలిచ్చారంటారు ఇంకొందరు. ముంబయి ముఠా అంటారు మరికొందరు. ఇవి రాసేవాళ్లంతా చెడ్డవాళ్లని నేననను. పిల్లాడి ఫోటో చూసి నిద్రపట్టక రాసేవాళ్లే ఎక్కువ. కానీ ఆ రాతల వల్ల వెతుకులాట ఎన్నిసార్లు దారి తప్పిందో దగ్గర్నుంచి చూశాను. అందుకే ఎక్కువగా వినబడే మాటలు తీసుకుని, మా పనిలో మాకు కనబడేది చెబుతున్నాను.

అపోహ: 24 గంటలు ఆగితేగానీ పోలీసులు కంప్లైంటు తీసుకోరు

పిల్లల విషయంలో అలాంటి నియమం లేదు. 2013 మే 10న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బిడ్డ కనబడటం లేదని ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే, కిడ్నాప్ గానీ అక్రమ రవాణా గానీ జరిగి ఉండొచ్చన్న భావనతోనే దర్యాప్తు మొదలుపెట్టాల్సిందే. నాలుగు నెలల్లో జాడ తెలియకపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్లాలి. "మా పరిధి కాదు" అన్న మాటా చెల్లదు. గోదావరి పాయ వశిష్ఠకు ఈ గట్టున సఖినేటిపల్లి కోనసీమ జిల్లా, ఆ గట్టున నరసాపురం పశ్చిమగోదావరి జిల్లా. పిల్లాడు పంటు ఎక్కి ఏరు దాటాడని తెలిసినా ఏ గట్టు మీది స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధి చూడకుండా కట్టేది) రాయించుకోవచ్చు. బయట తెలిస్తే పరువు పోతుందని, సాయంత్రం దాకా చూద్దామని ఆగేది చాలాసార్లు ఇంట్లోవాళ్లే. దయచేసి ఆగకండి.

అపోహ: పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగింది

బిడ్డ కనబడలేదన్న గంటలోపే ఈ మాట పుడుతుంది. కుర్రాళ్లు బైకులేసుకుని హైవే ఎక్కుతారు. దారిలో చీరలమ్ముకునేవాడో, దుప్పట్లమ్మేవాడో కనబడితే ఆపుతారు. ఆ సమయంలో ఇంటి వెనక రొయ్యల చెరువు దగ్గర ఒక్కరూ ఉండరు.

మనది డెల్టా. ధవళేశ్వరం దగ్గర కట్టిన ఆనకట్ట నుంచి ప్రతి ఊరికీ కాలువ, కాలువ నుంచి ప్రతి చేనుకీ బోదె. వీటికి తోడు చేపల చెరువులు, ఇటుకబట్టీల గోతులు, మూతలేని నూతులు. పదేళ్లలోపు పిల్లలు కనబడలేదంటే నేను మొదట అడిగేది నీళ్లెక్కడున్నాయనే. ఆ ఇంటికి 200 అడుగుల్లోపల ఉన్న నీళ్లన్నీ చూశాకే మిగతావి. "కాలువంతా గాలించారండి, లేడు, అంటే ఎత్తుకుపోయినట్టే కదా" అంటారు. మునిగిన శరీరం వెంటనే తేలదు. లోపల వాయువులు పుట్టాకే పైకొస్తుంది. ఎండాకాలం ఒకటి రెండు రోజులు, చలికాలం ఇంకా ఎక్కువ పట్టొచ్చు. గుర్రపుడెక్క కింద చిక్కుకుంటే, లాకుల తలుపుల దగ్గర ఇరుక్కుంటే ఇంకా ఆలస్యం. ఆ బాబు కోసం మొదటి వేసవిలో నీళ్లాపి కాలువలు కట్టేయగానే అడుగు బురదలో లాకుల నుంచి లాకుల దాకా నడిచాం. తెగిన చెప్పులు దొరికాయి, వాడివి కావు. అందుకే నీళ్లలోనే పోయాడని నేనూ అనలేను. తెలియదు, అంతే. ఆ "తెలియదు" అన్న మాటతో ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ ఖాళీలోనే ముఠా కథ దూరుతుంది.

ముఠా కథ మనుషుల్ని చంపుతుంది కూడా. 2018 వేసవిలో దేశమంతా తిరిగిన కిడ్నాప్ వీడియో గుర్తుందా? బైకు మీద ఇద్దరు వచ్చి పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి అవగాహన కోసం తీసింది. చివర్లో పిల్లాణ్ని తిరిగి దించి, బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క కత్తిరించి పంచారు. ఆ ఏడాది జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో సంచార తెగకు చెందిన ఐదుగురిని కొట్టి చంపారు. అదే నెలలో కర్ణాటక బీదర్ జిల్లా ముర్కి దగ్గర, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారని స్నేహితుల బృందాన్ని తరిమి, వాళ్లలో హైదరాబాదు ఇంజినీరు ఒకరిని చంపేశారు. ఆ తర్వాతే వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ కాకుండా కట్టడి పెట్టింది.

మన దగ్గరా అది అంచుదాకా వచ్చింది. ఒక సంక్రాంతికి ముందు గంగిరెద్దులవాళ్ల కుటుంబాన్ని ఊరి చెరువుగట్టు మీద చుట్టేశారని ఫోనొస్తే వెళ్లాను. ముసలావిడ చంకలో పాప, ఎర్రగా ఉంది. "మీవాళ్ల రంగు కాదు" అని పట్టుకున్నారు. ఆవిడ మూటంతా నేలమీద గుమ్మరించి రేషన్ కార్డు జిరాక్సు వెతుకుతోంది. చేతులు వణికి కాగితం విప్పలేకపోతోంది. ఆ పాప ఆవిడ కూతురి కూతురు. తల్లి పక్కవీధిలో బియ్యం అడుక్కుంటోంది.

అసలు తప్పిపోయేవాళ్లు ఎవరు? జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో 2022లో దేశంలో తప్పిపోయినట్టు నమోదైన పిల్లలు 83,350 మంది. వాళ్లలో 62,946 మంది ఆడపిల్లలు. అదే ఏడాది జాడ తెలిసినవాళ్లు, వెనకటి ఏళ్లవాళ్లతో కలిపి, 80,561 మంది. నా అనుభవంలో పదో తరగతి, ఇంటర్ వయసు ఆడపిల్లలు ప్రేమ అనో, ఇష్టంలేని సంబంధమనో, ఇంట్లో చెప్పుకోలేని వేధింపు వల్లో వెళతారు. మగపిల్లలు మార్కులు, దెబ్బలు, ఫోను లాక్కున్నారన్న కోపం. నిజంగా బిడ్డను తీసుకెళ్లినవాడు ఉన్నప్పుడు కూడా వాడు చాలాసార్లు ఆ బిడ్డకు తెలిసినవాడే. సంచి భుజానేసుకుని దారినపోయేవాడి వైపు ఊరంతా చూస్తుంటే, ఆ తెలిసినవాడు మనతోపాటే వెతుకుతున్నట్టు తిరుగుతుంటాడు.

అపోహ: తల్లి ముఖంలో బాధే లేదు, చూస్తేనే తెలిసిపోతోంది

ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది.

ఆ బాబు తప్పిపోయిన సాయంత్రం తల్లి స్టేషన్ మెట్లెక్కుతుంటే ఎవరో వీడియో తీశారు. ఇస్త్రీ చీర, దువ్వి జడేసిన తల, పొడి కళ్లు. "బిడ్డ పోతే ఎవత్తైనా ముస్తాబై వస్తుందా?" అన్న మాటతో ఆ 11 సెకన్లు జిల్లా దాటాయి. రెండో రోజు వాళ్లింటికెళ్తే తోటికోడలు నన్ను పెరట్లోకి పిలిచింది. తీగమీద బురద చీర ఆరేసి ఉంది. "ఆ వీడియోలో చీర నాదండి మేడం గారూ. మా చెల్లి పీకల్లోతు కాలవలో దిగి వెతికిందండి. తడిసి ముద్దయి వణికిపోతా ఉంటే నేనే కట్టబెట్టాను. జుట్టు నిండా నాచు పట్టేసింది, నేనే దువ్వేనండి. నేను దువ్వకపోయినా బాగుండేదండీ" అని ఏడ్చింది. తల్లి ఏడవలేదు. ఆవిడ గొంతులోంచి నీళ్లే దిగడం లేదు అప్పటికి.

మనుషులు దుఃఖంలో ఒక్కలా ఉండరు. కొందరు అరుస్తారు, కొందరు మొద్దుబారిపోతారు, కొందరు వచ్చినవాళ్లకి కాఫీలు పెడతారు. ముఖం చూసి నిజం పట్టేయడం ఎవరికీ చేతకాదు. ఇంట్లోవాళ్లను పోలీసులు ఎలాగూ అడుగుతారు, అడగాలి కూడా. ప్రతి కేసులోనూ అది మొదటి మెట్టు. దానికి మన వ్యాఖ్య అక్కర్లేదు.

ఆ వీడియో వల్ల జరిగిన నష్టం మాత్రం చెప్పాలి. పోస్టర్ మీద ఉన్న నంబరు ఆవిడదే. రోజుకు 60, 70 ఫోన్లు, తిట్లు, శాపనార్థాలు. వారానికి ఆవిడ ఫోను కట్టేసింది. మేం నంబరు మార్చి కొత్త పోస్టర్లు అంటించేసరికి తొమ్మిది రోజులు పోయాయి. ఆ తొమ్మిది రోజుల్లో నిజంగా చూసినవాళ్లు ఎవరైనా ఆ నంబరుకు చేశారా? చేసి, కలవక వదిలేశారా? ఆరేళ్లుగా నన్ను తినేస్తున్న ప్రశ్న అది.

అపోహ: పోలీసులు అన్నీ చెప్పడం లేదంటే ఏదో దాస్తున్నట్టే

దాస్తారు, కావాలనే. మొలతాడు రంగు, ఒంటిమీది మచ్చ, జేబులో ఏముందన్నది బయటకు చెప్పరు. రేపు ఎవడైనా ఫోన్ చేసి "మీవాడు నా దగ్గరున్నాడు, డబ్బు పంపండి" అంటే వాడు నిజం చెబుతున్నాడో లేదో తేల్చేది ఆ దాచిన వివరమే. ఆ బాబు విషయంలో అలాంటి ఫోన్లు మూడు వచ్చాయి. మూడూ మోసమే. దాచిన ఒక్క గుర్తుతో నిమిషాల్లో తేలింది. బంధువులే ఆ గుర్తు బయటపెట్టేసిన ఇంకో కేసులో, ఒక తండ్రి అప్పుచేసి 40 వేలు పంపేశాడు.

అపోహ: ఎంతమంది చూశామంటే అంత బలం

సోడా బండి అతను మొదటి రోజు "చొక్కా లేకుండా నిక్కరుతో పోయాడండి" అన్నాడు. నాలుగోరోజుకి "ఆకుపచ్చ చొక్కా" అన్నాడు. అబద్ధమాడలేదు పాపం. ఈలోపు ఫోన్లో తిరిగిన పుట్టినరోజు ఫోటోలో బాబు ఆకుపచ్చ చొక్కాలో ఉన్నాడు. ఆ ఫోటో అతని జ్ఞాపకంలో కలిసిపోయింది. మాకున్న ఒకే ఒక్క మంచి సాక్ష్యం అలా పనికిరాకుండా పోయింది.

సీసీ కెమెరా కథా ఇంతే. ఎరువుల కొట్టు కెమెరాలో 3:10కి బైకు మీద ఒకతను వెళ్తున్నాడు. అతనే దొంగ అన్నారు, ఇంటిమీదికెళ్లారు. ఆ కెమెరా గడియారం 40 నిమిషాలు ముందుంది. అతను వెళ్లింది రెండున్నరకి, అప్పటికి బాబు ఇంట్లో అన్నం తింటున్నాడు. కెమెరా దృశ్యం కనబడితే ముందు దాని టైమును మీ ఫోను టైముతో పోల్చి రాసుకోండి. పాతది చెరిగి కొత్తది ఎక్కేలోపు, చాలా కొట్లలో 15 నుంచి 30 రోజులే, అసలు ఫైలు భద్రం చేయించండి. టవర్ లొకేషన్ కూడా ఇల్లు చూపించదు. ఏటిగట్టు మీది ఫోను ఆవలి ఒడ్డు టవరును పట్టుకోవడం ఇక్కడ మామూలే.

అపోహ: అంజనం వేయిస్తే దిక్కు తెలుస్తుంది

"తూర్పున, నీళ్ల పక్కన, కొబ్బరిచెట్లున్నచోట" అని చెప్పారట. మన ప్రాంతంలో అలా లేని చోటేది? ఆ తల్లిదండ్రులు ఆ ఒక్కమాట పట్టుకుని 11 రోజులు తిరిగారు. అక్కడికి వెళ్లే తల్లిని నేను తప్పుపట్టను. పంపించి, ఖర్చుపెట్టించేవాళ్లను మాత్రం ఆపమంటాను.

అపోహ: లై డిటెక్టర్ పెడితే గంటలో తేలిపోద్ది

మనిషి ఒప్పుకోకుండా పాలిగ్రాఫ్ (లై డిటెక్టర్) గానీ, మందిచ్చి మాట్లాడించే నార్కో గానీ చేయకూడదని 2010లో సుప్రీంకోర్టు సెల్వి కేసులో చెప్పింది. ఒప్పుకోలేదంటే నేరం చేసినట్టూ కాదు.

అపోహ: ఫోటో ఎంత తిరిగితే అంత మంచిది

దొరికేదాకా మంచిదే, పోలీసులో మేమో ఇచ్చినదైతే. దొరికాక ఆ ఫోటో తీసేయాలి. బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 ప్రకారం బాధిత పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరునెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 13 ఏళ్లప్పుడు రెండురోజులు కనబడక దొరికిన పిల్ల ఒకతుంది. నాలుగేళ్ల తర్వాత హాస్టల్లో చేరిన మొదటిరోజే "నువ్వు ఆ పోస్టర్లో అమ్మాయివి కదూ" అన్నారు. మూటాముల్లె సర్దుకుని వచ్చేసింది. మళ్లీ పంపడానికి నాకు ఏడాది పట్టింది.

అపోహ: కేసు మూసేశారు, ఇంక అయిపోయింది

జాడ తెలియలేదని నివేదిక పెట్టినా, కొత్త ఆధారం దొరికితే మళ్లీ దర్యాప్తు చేయడానికి చట్టంలో దారి ఉంది. తల్లిదండ్రుల డీఎన్‌ఏ నమూనా ఉంటే ఎన్నేళ్లకైనా పోల్చవచ్చు. ఏటా తప్పిపోయిన పిల్లల్ని వెతకడానికి జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ జరిగినప్పుడల్లా హోముల్లో ఉన్న పిల్లల జాబితా తెప్పించుకుని ఆ బాబు వయసుకి ఒకేడు కలిపి వెతుకుతాను. ఈ జులైకి 12 ఏళ్లవాణ్ని వెతికాను.

మీరేదైనా చూస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ చేయండి. ఎక్కడ, ఎన్ని గంటలకి, ఏం చూశారు, అంతవరకే చెప్పండి. వీడియో ఉంటే కత్తిరించకుండా, పాటలు కలపకుండా అసలుది ఇవ్వండి. మీ అనుమానం ఉంటే దాన్ని వేరుగా, అనుమానమనే చెప్పండి.

కిందటేడు ఇంకో పిల్లాణ్ని వెతుకుతుంటే పంటు మీద టికెట్లు కొట్టే కుర్రాడు మాకు ఫోన్ చేశాడు. "మేడం గారూ, మీరెతుకుతున్నోడో కాదో నాకు తెలీదండి. నాలుగున్నర పంటుకి ఒక పిల్లోడు నరసాపురం దిగాడు. టికెట్టుకి అన్నీ రూపాయి బిళ్లలే ఇచ్చాడు, అందుకే గుర్తుంది. కుడికాలికి చెప్పు లేదు." ఎందుకు, ఎవరితో అని అడిగితే "అది నేను చూళ్లేదండి" అన్నాడు. నరసాపురం రైల్వే స్టేషనుకు ఫోన్ చేశాం. రైలు అప్పటికే కదిలింది. రాత్రి ఏడింటికి రైల్వే పోలీసులు ఆ పిల్లాణ్ని భీమవరంలో దింపారు. హుండీ పగలగొట్టిన చిల్లర ఇంకా జేబులో ఉంది.