ఈఎస్‌ఐ అర్హత: అపోహలు - వాస్తవాలు

జీతాల పట్టీలు, చలాన్లు, క్లెయిము కాగితాలు చూడడమే వృత్తిగా ఉన్న నాబోటి కన్సల్టెంట్లను కార్మికులు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "నాకు ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) వర్తిస్తుందా, వర్తించదా?" దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. వైద్యానికి ఒక షరతు, జబ్బు సెలవులో వచ్చే నగదుకు మరొకటి, ప్రసూతికి ఇంకొకటి ఉన్నాయి. పనిలో ప్రమాదం జరిగితే మాత్రం ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న నియమమే లేదు. ఈ తేడాలు తెలియకనే చాలామంది తమకు రావలసినదాన్ని వదులుకుంటున్నారు.

అపోహ: జీతం 21,000 రూపాయలు దాటిన నెల నుంచే ఈఎస్‌ఐ ఆగిపోతుంది.

వాస్తవం: ఆగదు. నెలకు 21,000 రూపాయలు అన్న జీతం పరిమితి 2017 జనవరి 1 నుంచి అమలులో ఉంది, దివ్యాంగులకు ఇది 25,000 రూపాయలు. ఏడాదిని రెండు చందా కాలాలుగా విభజించారు: ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు ఒకటి, అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు మరొకటి. చందా కాలం మొదలైన నాటికి పరిమితిలోపే ఉన్న ఉద్యోగి, మధ్యలో జీతం పెరిగినా, ఆ కాలం ముగిసేదాకా ఈఎస్‌ఐలోనే కొనసాగుతాడు. మే నెలలో జీతం 23,000 అయిందనుకుందాం. సెప్టెంబరు వరకు ఆ పెరిగిన జీతం మీదనే ఉద్యోగి వాటాగా 0.75 శాతం, అంటే పై రూపాయికి సవరించి 173 రూపాయలు, యజమాని వాటాగా 3.25 శాతం, అంటే 748 రూపాయలు కట్టాలి. ఆ కాలంలో కనీసం 78 రోజులకు చందా జమ అయి ఉంటే, మరుసటి ఏడాది జూన్ 30 వరకు వైద్య సదుపాయం ఉంటుంది. జీతం పెరిగిందని మే నెలలోనే పేరు తీసేసే సంస్థ కార్మికుడికి ఏడాదికి పైగా సాగవలసిన రక్షణను తెంచేస్తున్నట్లే.

యజమాని వాటాను కూడా జీతంలోంచే కోసే పద్ధతి కొన్నిచోట్ల కనిపిస్తుంది. అది చట్టవిరుద్ధం. మూల వేతనాన్ని తక్కువ చూపి, మిగిలినదంతా అలవెన్సుల కింద వేసే అలవాటుకు కూడా 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ అడ్డుకట్ట వేసింది: మినహాయింపు పొందే అలవెన్సులు మొత్తం వేతనంలో సగాన్ని మించితే, మించినంత భాగాన్ని తిరిగి వేతనంలోనే కలిపి లెక్కించాలి.

అపోహ: కార్డు చేతిలో ఉంటే చాలు, సెలవు పెట్టిన రోజు నుంచే డబ్బు వస్తుంది.

వాస్తవం: ఎక్కువ క్లెయిములు వెనక్కి వచ్చేది ఇక్కడే. జబ్బు సెలవు నగదు రావాలంటే, ఇప్పటి ప్రయోజన కాలానికి (చందాకు ఫలితం అందే ఆరు నెలలకు) సంబంధించిన చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. ఏప్రిల్-సెప్టెంబరు చందాకు ఫలితం వచ్చే జనవరి-జూన్‌లోను, అక్టోబరు-మార్చి చందాకు ఫలితం జూలై-డిసెంబరులోను అందుతుంది. కొత్తగా చేరినవారికి ఆ కాలంలో 156 కంటే తక్కువ రోజులే దొరికితే, దొరికిన పనిరోజుల్లో సగానికి చందా ఉన్నా సరిపోతుంది. అర్హత కుదిరాక సగటు వేతనంలో 70 శాతం చొప్పున, వరుసగా వచ్చే రెండు ప్రయోజన కాలాల్లో కలిపి గరిష్ఠంగా 91 రోజులకు చెల్లిస్తారు. సాధారణంగా మొదటి రెండు రోజులకు చెల్లింపు ఉండదు. క్షయ, క్యాన్సర్ వంటి 34 దీర్ఘవ్యాధులకు 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగింపు ఉంది, కానీ దానికి అంతకుముందు రెండేళ్ల నిరంతర ఉద్యోగం ఉండాలి.

అందుకే చలానులో ఎంత సొమ్ము పడిందన్నదే కాక, ఎన్ని రోజులు నమోదయ్యాయన్నది కూడా చూసుకోమంటాను. ఇరవై ఆరు రోజులు పని చేసిన మనిషికి గుమస్తా పొరపాటున పన్నెండు అని టైపు చేస్తే, ఆ నెల గడిచిపోతుంది. ఆరు నెలల తరువాత ఆసుపత్రిలో పడుకున్నప్పుడు 78కి ఎన్ని తగ్గాయో బయటపడుతుంది. ఐపీ నంబరుతో (బీమా ఉన్న వ్యక్తికి ఇచ్చే నంబరు) ఈఎస్‌ఐసీ, అంటే ఈఎస్‌ఐ కార్పొరేషన్, పోర్టల్‌లోకి వెళితే నెలవారీ వివరాలు కనిపిస్తాయి, చూడడానికి అయిదు నిమిషాలు పట్టదు.

అపోహ: చేరిన వారానికే చెయ్యి నలిగితే ఏమీ రాదు, ఆరు నెలలు నిండాలి.

వాస్తవం: పని ప్రమాదానికి చందా రోజుల షరతు లేదు. బీమా వర్తించే ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే ప్రమాదం జరిగినా, తాత్కాలిక వైకల్యం ఉన్నన్నాళ్లు 90 శాతం వేతనం అందుతుంది. శాశ్వత నష్టం ఎంతన్నది మెడికల్ బోర్డు తేలుస్తుంది, దాన్నిబట్టి జీవితాంతం చెల్లింపు ఉంటుంది. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వచ్చే దారిలో జరిగే ప్రమాదాన్ని కూడా, సమయానికీ దారికీ ఉద్యోగానికీ సంబంధం రుజువైతే, 2010 సవరణ తరువాత ఇందులో కలిపారు. చిక్కంతా నమోదులో వస్తుంది. హైదరాబాద్‌లోని జీడిమెట్ల, బాలానగర్ వంటి పారిశ్రామిక ప్రాంతాల్లో కాంట్రాక్టు కార్మికుణ్ని ప్రమాదం జరిగిన మధ్యాహ్నమే నమోదు చేయించే కాంట్రాక్టర్లు ఉన్నారు. నమోదు తేదీ, ప్రమాదం తేదీ ఒకటే అయితే ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసు విచారణకు దిగుతుంది, అంతవరకు కుటుంబం అప్పులతో గడపాలి. అయితే యజమాని చందా ఎగ్గొట్టాడన్న కారణంతో కార్మికుడి హక్కు పోదు. ఆ మొత్తాన్ని యజమాని నుంచి వసూలు చేసుకునే అధికారం కార్పొరేషన్‌కు ఉంది.

అపోహ: భర్తకు ఈఎస్‌ఐ ఉంటే భార్యకు ప్రసూతి నగదు వస్తుంది.

వాస్తవం: ఆమెకు వైద్యం అందుతుంది కానీ, ప్రసూతి సెలవు నగదు బీమా ఉన్న మహిళకే చెందుతుంది. అంతకుముందు వరుసగా రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజుల చందా ఉంటే 26 వారాలు పూర్తి సగటు వేతనం వస్తుంది. అప్పటికే ఇద్దరు పిల్లలున్నవారికి ఇది 12 వారాలే.

అపోహ: సొంత మెడికల్ పాలసీ ఉంది కాబట్టి ఈఎస్‌ఐ వద్దని రాసిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఆ కాగితానికి విలువ లేదు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే, చట్టం వర్తించే సంస్థలో పరిమితిలోపు జీతమున్న ప్రతి ఉద్యోగికీ ఇది తప్పనిసరి.

అపోహ: రిటైరైతే ఈఎస్‌ఐ ఆసుపత్రి మెట్లెక్కే హక్కు ఉండదు.

వాస్తవం: కనీసం అయిదేళ్లు బీమా ఉద్యోగంలో ఉండి రిటైరైనవారు ఏడాదికి 120 రూపాయలు కట్టి, తమకూ జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగించుకోవచ్చు. డెబ్బై ఏళ్లు నిండితే, ఈఎస్‌ఐ ఉన్నా సరే, ఆదాయంతో పని లేకుండా ఆధార్‌తో ఆయుష్మాన్ వయ వందన కార్డు (వృద్ధులకు కేంద్రం ఇచ్చే ఉచిత వైద్య కార్డు) కూడా తీసుకోవచ్చు.